తండా గొంతుకు ఒక ఫ్రీక్వెన్సీ

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో కొత్తగా 234 పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్‌ఎం చానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 22 పట్టణాలు, 68 చానళ్లు. మన పల్నాడు జిల్లా నుంచి నరసరావుపేట, చిలకలూరిపేట ఆ జాబితాకెక్కాయి. మాచర్ల, గురజాల, అమరావతి ఎక్కలేదు. ఈ నిర్ణయంతో మాతృభాషలో స్థానిక కార్యక్రమాలు పెరుగుతాయని కేంద్రం తన ప్రకటనలో చెప్పింది. సంతోషించాల్సిన మాటే. అయితే ఎవరి మాతృభాష అన్నది తేలాలి. బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి మండలాల తండాల్లో ఇంటి భాష లంబాడీ. నల్లమల అంచున చెంచు గూడేలున్నాయి. పట్టణాల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే కుటుంబాలున్నాయి. వేలంలో డబ్బు పెట్టి చానల్ దక్కించుకున్న సంస్థ ఆ డబ్బును ప్రకటనల మీద రాబట్టుకోవాలి. అందుకని ఎక్కువమందికి తెలిసిన భాషలో, ఎక్కువమంది వినే సినిమా పాటలే వేస్తుంది. వ్యాపారం చేసేవాళ్లను ఇందుకు తప్పుపట్టలేం. చిన్న భాష మాట్లాడేవాళ్లకు ఫ్రీక్వెన్సీలో వాటా ఇవ్వాల్సింది ప్రభుత్వం. ఆ వాటాను పంపకం జరిగేటప్పుడే రాసిపెట్టాలి. మిగిలితే చూద్దామనుకుంటే ఎన్నటికీ మిగలదు.

ముందుగా ఆకాశంలో చోటు సంగతి తేల్చుకుందాం. ఫ్రీక్వెన్సీలు పరిమితం, అడిగినవాళ్లందరికీ ఇవ్వలేం అన్నది మొదటి నుంచీ వినిపించే సమాధానం. పెద్ద నగరాల విషయంలో అందులో కొంత నిజం ఉంది. పల్నాడుకు అది వర్తించదు. ఎఫ్‌ఎం ప్రసారాలకు కేటాయించిన పట్టీ 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ వరకు, అంటే 20.5 మెగాహెర్ట్జ్ వెడల్పు. ఒకే ఊళ్లో రెండు స్టేషన్లు ఒకదాని మీదొకటి పడకుండా మన దేశంలో 0.8 మెగాహెర్ట్జ్ ఎడం పాటిస్తున్నారు. ఆ లెక్కన ఒక్క ఊరికే పాతిక స్టేషన్ల దాకా పడతాయి. నరసరావుపేటలో రేపు మూడు ప్రైవేటు చానళ్లు వచ్చినా, ఆకాశవాణి ప్రసారాలు కలిసినా పట్టీలో ఇంకా బోలెడు ఖాళీ ఉంటుంది. పైగా ఊళ్లూ సంఘాలూ సొంతంగా నడుపుకునే కమ్యూనిటీ రేడియోకు ఇచ్చే శక్తి 100 వాట్లు. యాంటెన్నా ఎత్తు నేల నుంచి 30 మీటర్లు దాటకూడదు. కొండలు అడ్డం లేని చోట అది పది కిలోమీటర్ల చుట్టుపట్ల స్పష్టంగా వినిపిస్తుంది, ఆ తర్వాత పలచబడిపోతుంది. మాచర్లకూ అమరావతికీ నడుమ సూటిగా కొలిస్తే దాదాపు 100 కిలోమీటర్లు. కాబట్టి 90.4 మెగాహెర్ట్జ్ మీద మాచర్ల పక్కన ఒక లంబాడీ స్టేషను, అదే 90.4 మీద అమరావతిలో కృష్ణ ఒడ్డు ఊళ్ల స్టేషను ఏకకాలంలో నడిచినా ఒకదాని గొంతు ఇంకోదానికి అడ్డురాదు. దేశంలో చాలా కమ్యూనిటీ రేడియోలు ఇదే అంకె మీద పనిచేస్తున్నది అందుకే. చోటు లేదనే మాట మన జిల్లాలో నిలబడదు.

చోటు ఉన్నా గొంతు ఎందుకు లేదో తెలియాలంటే చట్టం కథ కొంత చెప్పుకోవాలి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రసార హక్కును సర్కారు చేతిలో పెట్టాయి. స్వాతంత్య్రం వచ్చాక కూడా అర్ధ శతాబ్దం దాకా ఆ పట్టు సడలలేదు. 1993లో హీరో కప్ క్రికెట్ పోటీల ప్రసారం మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ కేంద్రానికీ మధ్య వచ్చిన తగువు సుప్రీంకోర్టుకెక్కింది. 1995 ఫిబ్రవరి 9న వెలువడిన తీర్పు రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. వాటిని ప్రజాహితం కోసం ప్రభుత్వం నియంత్రించవచ్చు కానీ గుత్తకు పెట్టుకోకూడదన్నది దాని సారాంశం. ఆ ధర్మాసనంలో జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్‌లతోపాటు మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. ఆయన విడిగా తీర్పు రాశారు. ఆస్తి ప్రజలదని కోర్టు చెప్పాక తొలుత తలుపు తెరుచుకున్నది మాత్రం వేలం పాడగలిగిన కంపెనీలకు. 2002 డిసెంబరులో విద్యాసంస్థలకు అవకాశం ఇచ్చారు. ఊళ్లకూ సంఘాలకూ 2006 నవంబరు దాకా దారి దొరకలేదు.

ఆ నడుమ కాలంలో జరిగిన రెండు సంగతులు మన తెలుగు నేలవే. 2000 జులైలో మెదక్ జిల్లా పస్తాపూర్‌లో యునెస్కో తోడ్పాటుతో జరిగిన సమావేశం, సమాజాలే సొంతంగా రేడియో నడుపుకునే హక్కు ఇవ్వాలని తీర్మానించింది. తర్వాత దేశమంతా పస్తాపూర్ ప్రకటన పేరుతో దాన్ని ఉదహరించింది. 2002లో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు చిన్న ట్రాన్స్‌మిటర్‌తో ‘మన రేడియో’ మొదలుపెట్టారు. ఊరిదాకా కూడా సరిగా అందని శక్తి దానిది. అయినా లైసెన్సు లేదన్న కారణంతో 2003లో అధికారులు మూయించారు. ఆ మహిళలు చట్టాన్ని ధిక్కరించాలనుకున్నవాళ్లు కారు. వాళ్లకు లైసెన్సు ఇచ్చే పద్ధతే అప్పటికి లేదు. అడగడానికి దరఖాస్తు ఫారమైనా లేనిచోట లైసెన్సు ఏదని అడగడం న్యాయం కాదు. నాలుగేళ్లు తిరక్కుండానే కేంద్రం విధానం మార్చుకుందంటే ఓర్వకల్లు మహిళలు అడిగినదే సరైనదని ఒప్పుకున్నట్టే.

పస్తాపూర్ పక్కన, జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు యునెస్కో సాయంతో 1998లోనే రికార్డింగు గది కట్టుకున్నాయి. ప్రసారానికి అనుమతి లేదు కాబట్టి కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘాల సమావేశాల్లో వినిపించారు. అలా పదేళ్లు గడిచాయి. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద ‘సంఘం రేడియో’ గాలిలోకి వచ్చింది. తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పిన జస్టిస్ సావంతే దాన్ని ప్రారంభించారు. మైకు ముందు కూర్చున్నది, మీటలు తిప్పింది దళిత మహిళలు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మల పేర్లు ఆ తర్వాత దేశం బయట కూడా వినబడ్డాయి. వాళ్లు మాట్లాడింది పుస్తకాల తెలుగు కాదు, జహీరాబాద్ చేల తెలుగు. ఏ చేనుకు ఏ జొన్న, సామలూ కొర్రలూ ఎలా కలిపి వేయాలి, పాత విత్తనం ఎవరింట్లో దాచి ఉంది, పసిబిడ్డకు విరేచనాలైతే ఏం చేయాలి, పండుగకు ఏ పాట పాడతారు అన్నవి వాళ్ల కార్యక్రమాలు. పట్నం స్టూడియోలో కూర్చున్న వ్యాఖ్యాతకు ఈ సంగతులు తెలియవు, తెలిసినా ఆ మాటల్లో చెప్పలేడు. భాషకూ యాసకూ ఫ్రీక్వెన్సీ ఇస్తే వచ్చే లాభం ఏమిటో మాచునూరు చేసి చూపించింది.

ఇక ఇప్పుడు మాచర్ల దగ్గర తండాలో పనిచేసే ఒక సంఘం రేడియో పెట్టాలనుకుంటే దాని దస్త్రం ఎక్కడెక్కడ తిరుగుతుందో చూద్దాం. సంఘం రిజిస్టరై కనీసం మూడేళ్లు నిండాలి. 2,500 రూపాయల రుసుముతో ఢిల్లీలోని సమాచార, ప్రసార మంత్రిత్వశాఖకు దరఖాస్తు చేయాలి. అక్కడ కమిటీ చూశాక హోం, రక్షణ శాఖల అభిప్రాయం కోసం వెళుతుంది. అవి సరేనంటే సమ్మతి పత్రం వస్తుంది. అప్పుడు టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం ఫ్రీక్వెన్సీ కేటాయించాలి. టవరు కట్టే చోటు విమానాల దారికీ ఇతర వైర్‌లెస్ వ్యవస్థలకూ అడ్డు రాదని మరో కమిటీ చెప్పాలి. 25,000 రూపాయల బ్యాంకు గ్యారంటీ పెట్టి ఒప్పందం చేసుకోవాలి. పరికరాలు బిగించాక వాటిని నడపడానికి మరో లైసెన్సు తీసుకోవాలి. ఏటా స్పెక్ట్రమ్ రుసుము కట్టాలి. 2012లో 19,700 రూపాయలున్న ఈ రుసుమును 91,000కు పెంచబోతే దేశమంతటా స్టేషన్లు గట్టిగా ఎదురు చెప్పాయి, కేంద్రం వెనక్కి తగ్గింది. విడివిడిగా చూస్తే ప్రతి మెట్టుకూ ఓ కారణం ఉంది. మొత్తంగా చూస్తే, ఢిల్లీలో ఒక మనిషిని పెట్టుకుని తిరగగలిగిన కాలేజీలూ పెద్ద స్వచ్ఛంద సంస్థలూ గట్టెక్కుతాయి, తండా సంఘం మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. దేశంలో కమ్యూనిటీ రేడియోలు 500 దాటినా, వాటిలో విద్యాసంస్థలు నడిపేవి పెద్ద సంఖ్యలో ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

ఇంతకంటే లోతైన లోపం ఇంకొకటి ఉంది. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలనీ, స్థానిక భాషలో, యాసలో ఉంటే మేలనీ నిబంధనలు చెబుతున్నాయి. అంటే లంబాడీలో ప్రసారానికి ఆటంకం ఏమీ లేదు. కానీ ఫ్రీక్వెన్సీ ఎవరికివ్వాలో తేల్చేటప్పుడు ఆ ప్రాంతంలో రేడియోలో చోటు దక్కని భాష ఏది అని అడిగే గడి ఆ దరఖాస్తు వడపోతలో లేదు. లెక్కల్లోనే కనబడని భాషను ఎవరు అడుగుతారు? 2011 జనగణనలో లంబాడీ తమ మాతృభాష అని రాయించుకున్నవాళ్లు దేశంలో 30 లక్షలు దాటారు. వాళ్లందరినీ పట్టికలో హిందీ కింద కలిపేశారు. అదే మన రాష్ట్రం 2004లో గిరిజన పిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఎనిమిది భాషల్లో బంజారా పేరుతో ఇదీ ఒకటి. తెలుగు లిపిలోనే పాఠాలు అచ్చువేశారు. బడిలో అక్షరాలకు చోటిచ్చిన భాషకు గాలిలో మాటకు చోటివ్వడం అసాధ్యమేమీ కాదు. సొంత లిపి లేని భాషకు పత్రికకన్నా రేడియోనే సహజమైన ఇల్లు.

ఈ పని ఇతర చోట్ల జరిగింది. ఆస్ట్రేలియాలో 1975లో సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాల్లో వలస వచ్చిన జాతుల భాషల్లో రెండు రేడియో స్టేషన్లు మొదలయ్యాయి. మెడిబ్యాంక్ అనే కొత్త ఆరోగ్య బీమా పథకాన్ని ఇంగ్లిషు రానివాళ్లకు వివరించడం వాటి తొలి లక్ష్యం. పథకం పేదలకు చేరాలంటే వాళ్ల భాషలో చెప్పాలన్న వివేకం నుంచి పుట్టిన రేడియో అది. తర్వాత అక్కడ కమ్యూనిటీ లైసెన్సులు వేలం లేకుండా, ఏ సమాజం తరఫున అడుగుతున్నారు, ఆ సమాజానికి అప్పటికి ఏ మేరకు సేవ అందుతోంది అన్నవి తూచి ఇవ్వడం మొదలైంది. ఇప్పుడు అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఎస్‌బీఎస్‌లో తెలుగు వినబడుతోందంటే 1975 నాటి ఆ ఆలోచన ఫలమే. దక్షిణాఫ్రికాలో 1983లో మొదలైన రేడియో లోటస్ తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతోపాటు తెలుగుకూ వేళ కేటాయించింది. మన దగ్గరకే వస్తే, నీలగిరుల్లో 2013లో మొదలైన రేడియో కోటగిరి అక్కడి ఆదివాసీ భాషల్లో, కేరళ వయనాడ్‌లో 2009 నుంచి నడుస్తున్న రేడియో మాట్టొలి ఆ జిల్లా గిరిజన భాషల్లో కార్యక్రమాలు ఇస్తున్నాయి. మెల్‌బోర్న్‌లో తెలుగుకు గంట కావాలని కోరుకునే మనం బొల్లాపల్లిలో లంబాడీకి గంట కావాలంటే అడ్డు చెప్పలేం. రెండూ ఒకే న్యాయం.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు, వాటిని దాటవేయకూడదు. చేతిలో ఫోను ఉండగా రేడియో ఎవరు వింటారన్నది మొదటిది. ఫోను వచ్చాక పాటల కోసం రేడియో పెట్టేవాళ్లు తగ్గిన మాట నిజం. కానీ ఫోనులో వచ్చేది లోకమంతటి సరుకు, ఆ తండాది కాదు. లంబాడీలో మిరపకు పట్టిన తెగులు గురించి ఆ వారానికి సరిపడే మాట చెప్పడానికి ఎవరో ఒకరు రోజూ కూర్చోవాలి. అలా కూర్చునే మనుషులనూ, గదినీ, బాధ్యతనూ తయారు చేసేది స్టేషను. దానికి డేటా ఖర్చు లేదు, చదవడం రావాల్సిన పని లేదు, సెల్ టవరు పడిపోయినా బ్యాటరీ మీద నడుస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. పులిచింతలకూ బ్యారేజీకీ నడుమనున్న అమరావతి లాంటి ఊళ్లకూ, లంకల్లో పశువులున్న రైతులకూ అలాంటి రాత్రి కావాల్సింది రాష్ట్రం మొత్తం వరద వార్త కాదు. పైనుంచి ఇంకెంత వదులుతున్నారు, ఏ వాగు మీద దారి తెగింది, ఏ బడిలో అన్నం వండుతున్నారు అన్నవి కావాలి. పది కిలోమీటర్ల రేడియో చేయగలిగిన పని అది.

చిన్న భాషలకు విడిగా రేడియోలు ఇస్తే తెలుగు సమాజం ముక్కలవుతుందన్నది రెండో అభ్యంతరం. భాష కోసం పోరాడి రాష్ట్రం తెచ్చుకున్నవాళ్లం కాబట్టి ఈ భయం మనకు అర్థమవుతుంది. అనుభవం మాత్రం మరోలా ఉంది. ఆదిలాబాద్ ఆకాశవాణి గోండి కార్యక్రమాలు ఇచ్చినందువల్ల అక్కడి గోండులు తెలుగుకు దూరం కాలేదు. తన భాషలో మాట విన్న మనిషికి పక్క భాష మీద కోపం రాదు. తన భాషను ఎవరూ లెక్కచేయనప్పుడే వస్తుంది. మూడోది భద్రత గురించి. పల్నాడులో కక్షలు ఉన్నాయి, నల్లమలలో ఒకప్పుడు నక్సల్ ఉద్యమం ఉండేది, మైకు ఎవరి చేతికి పోతుందో తెలియదంటారు. ఆ జాగ్రత్త అవసరమే. దానికి తగ్గ ఏర్పాట్లు చట్టంలో ఉన్నాయి. పార్టీలకూ వాటి అనుబంధ సంఘాలకూ, లాభం కోసం నడిచే సంస్థలకూ, వ్యక్తులకూ లైసెన్సు ఇవ్వరు. ప్రసారాల రికార్డులు దాచాలి. తప్పు చేస్తే లైసెన్సు పోతుంది. చిరునామా, కమిటీ, రికార్డు ఉన్న స్టేషనుకంటే పేరూ ఊరూ తెలియకుండా ఫోన్లలో తిరిగే పుకారు చాలా ప్రమాదకరం.

భద్రత పేరిట పెట్టిన ఒక నిబంధనను మాత్రం తిరిగి చూడాలి. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు ఇవ్వకూడదు, ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టు వేసుకోవాలి. వెల్దుర్తి, బొల్లాపల్లి రైతులు దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న వరికపూడిశెల ఎత్తిపోతల పథకం పని ఎంతవరకు వచ్చిందన్నది ఆ ఊళ్లకు ప్రాణంతో సమానమైన విషయం. దాన్ని పత్రిక రాయవచ్చు, టీవీ చూపవచ్చు, ఫోనులో ఎవరైనా ఏమైనా అనవచ్చు. ఆ రైతుల రేడియో మాత్రం వార్తగా చెప్పకూడదు. రేడియోలో వార్తల నిషేధం మీద 2013లోనే సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. కనీసం గ్రామసభ, నీళ్లు, మార్కెట్ ధర, ప్రభుత్వ పథకాల అమలు వంటి స్థానిక విషయాల మేరకైనా ఆంక్ష ఎత్తేయడం ప్రజాస్వామ్యానికి చేటు చేయదు.

ఇక డబ్బు సంగతి. తండా స్టేషనుకు ప్రకటనలు ఎక్కడివి, నాలుగు నెలల్లో మూతపడదా అని అడుగుతారు. ఈ అనుమానానికి ఆధారం ఉంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం సవరించిన నిబంధనలు కొంత ఊరటనిచ్చాయి. ప్రకటనల సమయం గంటకు 7 నిమిషాల నుంచి 12 నిమిషాలకు, ప్రభుత్వ ప్రకటన ధర 10 సెకన్లకు 52 నుంచి 74 రూపాయలకు పెరిగాయి. లైసెన్సు తొలి గడువు పదేళ్లయింది. అయితే చిన్న భాష మార్కెట్‌ను నమ్ముకుని బతకలేదు, బతకాలని కోరడం కూడా సరికాదు. నాగార్జునసాగర్ కుడికాలువ నీరు పల్నాడులో చివరి భూములకు చేరాలంటే పై రైతు దయ మీద వదిలేయకుండా వంతు రాసిపెట్టాలి, ఆ వంతు అందేలా కాపలా ఉండాలి. తరంగాల విషయంలోనూ ప్రభుత్వం పని అదే. రాష్ట్రం గిరిజన సంక్షేమ పథకాల గురించి ప్రచారానికి పెట్టే ఖర్చులో కొద్ది భాగం ఆ గిరిజనుల భాషలో మాట్లాడే స్టేషనుకు వెళితే అది దానం కాదు, ఆ ప్రచారం చేరాల్సిన చోటికి చేరడం.

చేయాల్సినవి నాలుగే. నరసరావుపేట, చిలకలూరిపేట వంటి కొత్త పట్టణాల్లో ప్రైవేటు చానళ్ల ఫ్రీక్వెన్సీలు ఖాయం చేసేటప్పుడే జిల్లా మొత్తానికి కమ్యూనిటీ రేడియో ఫ్రీక్వెన్సీలను గుర్తించి, పక్కన పెట్టి, పటంతో సహా ప్రకటించాలి. దరఖాస్తుల వడపోతలో రేడియోలో చోటు లేని భాషకు ప్రాధాన్యం ఇవ్వాలి. స్టేషను సలహా కమిటీలో సగం మంది మహిళలు ఉండాలని 2024 నిబంధనల్లో రాయగలిగిన కేంద్రానికి ఈ ఒక్క వాక్యం రాయడం కష్టం కాదు. 100 వాట్ల స్టేషను దస్త్రానికి గడువు పెట్టి, జిల్లా కలెక్టరేట్‌లో దరఖాస్తు తీసుకుని ఢిల్లీకి పంపే ఏర్పాటు చేయాలి. స్థానిక వార్తల మీద ఆంక్ష సడలించాలి. ఇవన్నీ ప్రభుత్వం చేయాల్సినవి. అవి జరిగేదాకా ఆగాల్సిన పని లేదు. ఇప్పుడున్న నిబంధనల కిందనే మూడేళ్లు నిండిన రిజిస్టర్డ్ సంఘం, ట్రస్టు, కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం దేనికైనా అర్హత ఉంది. పల్నాడు తండాల్లో, కృష్ణ ఒడ్డు ఊళ్లలో పనిచేస్తున్న సంఘాల పెద్దలు, చదువుకున్న లంబాడీ యువతీయువకులు కూర్చుని ఆ దరఖాస్తు నింపాలి. దాని రుసుము 2,500 రూపాయలు. జిల్లా ప్రజాప్రతినిధులు ఆ దస్త్రం వెంట ఢిల్లీ దాకా నడవాలి.